మిరప కల్లాల్లో కన్నుల పండుగ

భద్రాచలం పోయొచ్చానని తెలిసి మా వీధిలో ముగ్గురు ప్రసాదం అడిగారు. నా సంచిలో ఉన్నది మిరప దుమ్ము. అదీ గాజు స్లైడ్ల మీద వ్యాజిలిన్‌కి అంటుకుని, ఎవరికీ పంచడానికి వీల్లేకుండా ఉంది. "దర్శనం చేసుకోలేదా? మరి అంత దూరం పోయి ఏం చేసినవమ్మా?" అని ఎదురింటి పెద్దావిడ నిజంగానే బాధపడింది. గుమ్మంలో నిలబడి ఆవిడకు చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆ దారిన పోయేవాళ్ళు గుడి చూస్తారు, గోదావరి చూస్తారు, ఓపికుంటే పర్ణశాల చూస్తారు. మార్చి ఎండలో మిరప కల్లం చూడ్డానికి ఎవరూ టికెట్టు కొనుక్కుని పోరు. ఆ భాగ్యం మాకు ఉచితంగా దక్కింది.

వ్యాను కంటే పెద్ద బ్యానరు

నేను ఖమ్మంలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. శిరీష మా ఫైనలియర్ పిల్ల. కుసుమంచి దగ్గర తండా వాళ్ళది. వాళ్ళమ్మ ఏటా మిరప కల్లాల్లో తాలు ఏరడానికి పోతుంది. అంటే ఎండిన ఎర్ర కాయల్లోంచి రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని వేరు చేసే పని. ఆ పని నడిచినన్నాళ్ళూ ఆమె కళ్ళు కాయల రంగుతో పోటీ పడతాయట.

"దుమ్ము ఏ టైముల ఎక్కువ లేస్తదో, ఎటుకెల్లి వస్తదో తెలిస్తే తప్పించుకోవచ్చు గద మేడం" అని శిరీష ప్రాజెక్టు పెట్టుకుంది. మిగతా పిల్లలంతా నెట్‌లోంచి దించుకున్న ప్రాజెక్టులకు బంగారు అక్షరాల అట్టలు వేయించుకుంటుంటే, ఈ పిల్ల నిజంగానే పరిశోధన చేస్తానని వచ్చి మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది. మాకు అలవాటు లేని పని మరి.

పద్ధతి తేలికే. స్లైడుకి వ్యాజిలిన్ రాసి, దారం కట్టి, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో వేలాడదీయాలి. కొంతసేపటికి తీసి ఇంకోటి కట్టాలి. తీసినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఎంత దుమ్ము పట్టిందో చూడాలి. దాంతోపాటు పని మొదలుపెట్టేముందు, మళ్ళీ పని దిగేముందు కూలీల రెండు కళ్ళనూ ఫోన్‌లో ఫోటో తీయాలి. దుమ్ముకీ ఎరుపుకీ ఉన్న లంకె ఏమిటో తేల్చాలి.

ప్రిన్సిపాల్ గారు "బ్రహ్మాండమైన ఆలోచన" అని ఆశీర్వదించారు. ఆశీస్సులు పోస్తే బండి కదలదు కాబట్టి, ఊళ్ళో ఒక సేవా సంఘం వ్యానులో రెండు సీట్లు అడుక్కున్నాం. ఆ సంఘం కూలీలకు కంటి పరీక్షల క్యాంపులు పెడుతుంది. అధ్యక్షులు రాఘవయ్య గారికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది, దుకాణం కంటే పెద్ద గొంతు ఉంది. ఈ యాత్రకు ఆయన వేయించిన బ్యానరు వ్యానుకు ఒక పక్క కడితే రెండో పక్కకు తిరిగింది. దాని మీద "కార్మిక నేత్ర మహోత్సవం" అని రాసుంది. కంటి జబ్బుకు మహోత్సవం జరపడం బహుశా మా జిల్లాలోనే మొదలై ఉంటుంది. బ్యానరు నిండా ఆయన ఫోటో, ఒక మూలకు మాత్రం చిన్న కన్ను.

మాతోపాటు నయీమ్ భాయ్ ఉన్నాడు. చూపు పరీక్ష చేసి అద్దాల నంబరు చెప్పే టెక్నీషియన్. వ్యాను మొత్తంలో కన్ను గురించి తెలిసినవాడు ఆయనొక్కడే, అందుకని ఆయనకు వెనక సీటు ఇచ్చారు. కాలేజీ మైక్రోస్కోపును పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని నేను ముందు కూర్చున్నాను.

"ప్రయాణంల గూడ కుక్కర్ తెచ్చుకున్నరా మేడం?" అన్నారు రాఘవయ్య గారు, ఎంతో మెచ్చుకోలుగా.

చండ్రుగొండ: రంగు బాగుందండీ

జూలూరుపాడు దాటాక రోడ్డుకు రెండు పక్కలా నేల ఎర్రబడటం మొదలైంది. పొలాల్లో, రోడ్డు వారన, ఖాళీ స్థలమన్నది కనిపిస్తే చాలు, పట్టాల మీద మిరపకాయలే. మా ఇంట్లో పోపులో ఒక్క కాయ మాడితే వీధి చివరిదాకా దగ్గుతారు. ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు ఆ గాలిలోనే పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాయి.

చండ్రుగొండ దగ్గర మాకు కల్లం చూపించిన రైతు అప్పారావు గారు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. భూమి తెలంగాణది, మాట మాత్రం ఇంకా ఏటి అవతలే ఉంది. "రండమ్మా, రండి. ఎండనపడి వచ్చారు. ముందు మజ్జిగ పుచ్చుకోండి" అని కుర్చీలు వేయించాడు. ఆడకూలీలు పట్టా మీద బారుగా కూర్చుని తాలు ఏరుతున్నారు. శిరీష వాళ్ళ మధ్య కర్రలు పాతి స్లైడ్లు కట్టడం మొదలుపెట్టింది.

"ఏంది బిడ్డా గది, దిష్టికా?" అని అడిగింది ఒక పెద్దామె. "దిష్టికైతే నిమ్మకాయ కడ్తరు గాని, అద్దం ముక్క కడ్తరా?"

"దిష్టికి కాదు పెద్దమ్మా. నీ కంట్లె వడే దుమ్ము దీని మీద వడ్తది. ఎంత వడ్డదో నేను చూస్త."

"అట్లయితే నా కంట్లె వడకుండ మొత్తం దాని మీదనే వడమని చెప్పు!"

ఆ మాటకు బారు బారంతా నవ్వింది. మా పరిశోధన ఉద్దేశం అంత సూటిగా నేను కూడా ప్రిన్సిపాల్ గారికి చెప్పలేకపోయాను.

ఈలోపు మహోత్సవం మొదలైంది. రాఘవయ్య గారు మైకు పట్టుకుని సర్వేంద్రియాల్లో కన్నే ప్రధానమని మూడుసార్లు చెప్పి, వినేవాళ్ళ చెవులకు పని కల్పించారు. తర్వాత అందరికీ నల్ల కళ్ళద్దాలు పంచారు. పనేమో రంగు చూసి కాయను ఏరేది, ఇచ్చిందేమో నల్లద్దాలు. దాత ఎవరోగాని, కల్లం ఎప్పుడూ చూసి ఉండడు. చాలామంది వాటిని కొప్పులో దోపుకుని పనిలో పడ్డారు. ఒకావిడ మాత్రం ఇచ్చినవాళ్ళ మర్యాద కాపాడాలని పెట్టుకునే ఏరింది. కాసేపటికి అప్పారావు గారు చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. తాలంతా మంచి కాయల కుప్పలో ఉంది.

చేతులతో కళ్ళు నలుపుకోవద్దనీ, మంచినీళ్ళతో కడుక్కోవాలనీ నేను కూడా నాలుగు ముక్కలు చెప్పాను. చెప్పి, ఒక కాయ తీసుకుని తొడిమ తుంచి చూసి, చెమట పట్టిందని అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. ఆ తర్వాత ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ఇందాకటి పెద్దామె నన్ను పట్టుకుని బోరింగు దగ్గరికి నడిపించి, తల వంచి, నీళ్ళు కొట్టి, "కండ్లు తెరువు తల్లీ, మూసుకుంటే ఎట్ల కడుగుత?" అని కసిరింది. నయీమ్ భాయ్ వచ్చి, ఆ రోజు క్యాంపులో అత్యవసర కేసు నాదేనని ప్రకటించాడు.

మధ్యాహ్నం అప్పారావు గారింట్లో భోజనం. ముద్దపప్పు, గోంగూర, కందిపొడి, గట్టి పెరుగు, అన్నింటి పక్కనా వాళ్ళ కాయతోనే కొట్టిన కారం. వద్దన్నా వడ్డించడం వాళ్ళ మర్యాద, వద్దంటూనే తినడం మన మర్యాద. రెండూ సక్రమంగా జరిగాయి.

భోజనాలయ్యాక వరండాలో మైక్రోస్కోపు పెట్టి శిరీష స్లైడ్లు చూసింది. ఏరుతున్నంతసేపూ దుమ్ము ఓ మోస్తరుగా ఉంది. పక్కనే మగవాళ్ళు బస్తాల్లో కాయలు పోసి కాళ్ళతో తొక్కినప్పటి స్లైడు మాత్రం కిందా మీదా తెలియకుండా నిండిపోయింది. గాలి అటునుంచి ఇటు, ఆడవాళ్ళ ముఖాల మీదికి. బస్తాలు తొక్కే చోటు కల్లానికి ఆ కొసకు మారిస్తే సగం గొడవ తీరుతుంది.

ఆ సంగతి చెప్పడానికి అప్పారావు గారిని పిలిచాం. ఆయన కళ్ళజోడు తీసి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

"ఇది మన కాయ దుమ్మేనామ్మా?"

"అవ్ సార్, మీదే" అంది శిరీష.

"రంగు బాగుందండీ!" అన్నాడాయన. భార్యను కూడా పిలిచి చూపించాడు.

"సార్, గీ దుమ్మంతా వాళ్ళ కండ్లల్లకు పోతుంది. తొక్కేది ఆ పక్కకు పెట్టుకుంటే..."

"ఆ పక్కకి లారీ తిరగదమ్మా" అన్నాడు, కన్ను మైక్రోస్కోపు మీంచి తీయకుండానే.

భద్రాచలం: ఎడమ పక్క గుడి, కుడి పక్క మేము

సాయంత్రానికి వంతెన దాటి భద్రాచలం చేరాం. మార్చిలో గోదావరి సగం నీళ్ళు, సగం ఇసుక. భక్తులు ఇసుక తొక్కుకుంటూ పోయి నీళ్ళను వెతుక్కుంటున్నారు. రాఘవయ్య గారు పట్టుపంచె కట్టుకుని దర్శనానికి పోయారు. మేం లాడ్జి గదిలో ట్యూబులైటు కింద స్లైడ్లు చూస్తూ కూర్చున్నాం. "గుడి గంట ఇనబడుతుంది గద మేడం, సగం దర్శనం అయినట్టే" అంది శిరీష. ఆ లెక్కన సగం ప్రసాదం రావాలి. రాఘవయ్య గారు లడ్డూ తెచ్చారుగాని, అది సంఘం సభ్యులకట.

పొద్దున్నే టిఫిన్. గుడికి దగ్గరున్న హోటల్లో ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, నాలుగడుగులు దూరం జరిగితే ముప్పై. దేవుడికి ఎంత దగ్గరైతే అంత ఖరీదు.

దుమ్ముగూడెం: మొఖం వద్దా?

దుమ్ముగూడెం దారిలో ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి తోడొస్తాయి. తెల్లవారుతూనే చెట్ల కింద ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వంగి ఇప్పపూలు ఏరుకుంటున్నారు. ఆ తీపి వాసన వ్యానులోకి రాగానే రాఘవయ్య గారు దాని ఇతర ఉపయోగాల గురించి చాలా పరిజ్ఞానం ప్రదర్శించారు. ఎక్కడ నేర్చారో అడగలేదు.

ఇక్కడి మిరప తోటల్లో కోతకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ ఊళ్ళవాళ్ళు. చేను పక్కనే కొమ్మలు, పట్టాలతో గుడిసెలు వేసుకుని కోతలయ్యేదాకా ఉండిపోతారు. మాట కోయ. వాళ్ళలో ఉంగమ్మ అనే నడివయసు ఆమెకు తెలుగు బాగా వచ్చు, ఏళ్ళుగా వస్తోందట. ఆమె మాకు దుబాసీ అయింది. మేం దిగీ దిగకముందే సొరకాయ బుర్రలోంచి జావ వంచి, ఆకు దొప్పల్లో పోసి చేతికిచ్చింది. మన ఇళ్ళల్లో "టీ తాగుతారా?" అని, వద్దంటారేమోనన్న ఆశతో ముఖంలోకి చూస్తాం. వాళ్ళకు ఆ నాగరికత ఇంకా అబ్బలేదు.

శిరీష కళ్ళ ఫోటోలు తీస్తుంటే గుంపు గుంపంతా పడీపడీ నవ్వింది. "మొఖం వద్దా?" అని అడిగింది ఉంగమ్మ. వద్దనగానే తనవాళ్ళకు కోయలో ఏదో చెప్పింది. నవ్వు ఇంకా పెరిగింది. ఏం చెప్పావంటే, "మీ మొఖాలు గీ పిల్లకు నచ్చలే, కండ్లొక్కటే కావాల్నట అని చెప్పిన" అంది.

ఆ గుంపులో దేవె ఉంది, ఉంగమ్మ ఆడబిడ్డ. పాతికేళ్ళుంటాయేమో. ఎడమ కంటి మీదికి కొంగు లాక్కుని, ఎండకు ముఖం పక్కకు తిప్పుకుని నిలబడింది. శిరీష అడిగితే కొంగు తీసి ఫోటో తీయించుకుని మళ్ళీ కప్పేసుకుంది. కళ్ళెందుకు ఎర్రబడతాయో, దుమ్ము ఏం చేస్తుందో శిరీష అంతకుముందే అందరికీ వివరంగా చెప్పింది. దాంతో నయీమ్ భాయ్ దగ్గర ఎవరిని ఏమైందని అడిగినా "దుమ్ము" అనే చెప్పారు. చెప్పిన పాఠం అంత శ్రద్ధగా అప్పజెప్పే పిల్లలు నాకు క్లాసులో ఎప్పుడూ దొరకలేదు. దేవె కూడా దుమ్మే అంది. వెనక పెద్ద లైను ఉంది. నయీమ్ భాయ్ అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ చల్లని చుక్కల సీసా ఇచ్చి పంపాడు. సాయంత్రం పని దిగేముందు రెండో విడత ఫోటోలు తీసుకుని మేం భద్రాచలం వచ్చేశాం.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాం. ఆ రోజు పదకొండింటికి అవతలి ఊళ్ళో రాఘవయ్య గారికి సన్మానం. ఆయన సిల్కు చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్నారు. శిరీష స్లైడ్లు కట్టి, మూడో విడత ఫోటోలు తీసి, వ్యాను మెట్టు మీద కూర్చుని వరసగా చూడటం మొదలుపెట్టింది.

"మేడం, దుమ్మయితే రెండు కండ్లల్ల వడాలె గద?"

"పడాలి."

"రాత్రి పండుకుని లేస్తే తగ్గాలె గద?"

"తగ్గాలి."

"అందరివి అట్లనే ఉన్నయి. సాయంత్రం ఎరుపు, పొద్దున కొంచెం తెలుపు. గీమెకు ఒక్క కన్నే ఎరుపు. తగ్గలే." ఫోటో పెద్దది చేసి నాకిచ్చింది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద చిన్న తెల్లటి చుక్క. నిన్న పొద్దుటి ఫోటోలో వెతికితే కనిపిస్తుంది. ఇవాళ్టి దాంట్లో వెతకక్కర్లేదు.

నయీమ్ భాయ్‌కి చూపించాం. ఆయన టార్చి తీసుకుని చేలోకి దాదాపు పరుగెత్తాడు. దేవెను నీడలో కూర్చోబెట్టి చూసి వచ్చాడు.

"పుండు మేడం. తొడిమనో, ఆకో కంటికి గీరుకున్నట్టుంది. దుమ్ము కాదు. నిన్న నేను టార్చి ఎయ్యాల్సింది." టార్చి జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "జల్దీ దవాఖానాకు తీస్కపోవాలె. రేపంటే కుదరదు."

ఉంగమ్మ ఈ మాట చెప్పగానే దేవె లేచి గుడిసెలోకి వెళ్ళిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఒకాయన కంటి నొప్పని దవాఖానాకు పోయి కన్ను లేకుండా తిరిగొచ్చాడట. "నొప్పయినా ఉండనీ, కన్నయితే ఉంది గద అంటుంది" అంది ఉంగమ్మ. కంటి ఆరోగ్యం మీద మేం తెచ్చిన రంగు రంగుల కరపత్రాల్లో ఆ మాటకు జవాబు లేదు.

శిరీష గుడిసె ముందు నేల మీద కూర్చుంది. ఫోన్ లోపలికి చాచింది. నిన్న పొద్దుటిది, నిన్న సాయంత్రానిది, ఇవాళ్టిది, మూడూ పక్కపక్కన పెట్టింది. దేవె తన కన్ను అంత పెద్దగా ఎన్నడూ చూసుకుని ఉండదు. ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఏదో అడిగింది.

"పెరుగుతుందా అని అడుగుతుంది" అంది ఉంగమ్మ.

"పెరుగుతుంది" అంది శిరీష.

"రేపటికి?"

"ఇంకా పెరుగుతది. అక్కడ ఏం చేస్తరో నాకు తెల్వదు అక్కా, అబద్ధం చెప్ప. కానీ నీకు చెప్పకుండ, నువ్వు సరే అనకుండ కన్ను ముట్టనియ్య. నేను నీ పక్కనే ఉంట."

ఉంగమ్మకు అదంతా చెప్పడానికి చాలా మాటలు పట్టాయి. చెప్పడం అయ్యాక దేవె కొంగు సర్దుకుని బయటికి వచ్చింది.

"మేడం, పదకొండుకు సన్మానం" అన్నారు రాఘవయ్య గారు. గొంతు మాత్రం మామూలు సైజులో ఉంది. "స్టేజి గూడ కట్టిన్రు. దవాఖానా ఎనక్కి, సన్మానం ముందుకు. వ్యాను ఒక్కటే."

నయీమ్ భాయ్ దేవెనూ, తోడుగా ఉంగమ్మనూ వ్యాను ఎక్కించాడు. వెలుతురు తగలగానే దేవె నొప్పికి మూలిగి మోకాళ్ళలో తల దాచుకుంది. ఆ మూలుగు విని రాఘవయ్య గారు ఒక్క క్షణం నిలబడ్డారు. తర్వాత తనే కిందికి దిగి, వ్యానుకు కట్టిన బ్యానరు తాళ్ళు విప్పి, మహోత్సవాన్ని లోపలికి లాగి, దేవె వైపు కిటికీలకు అడ్డంగా బిగించారు. ఎండ ఆగిపోయింది. ఆమె తల ఎత్తింది. ఆ బ్యానరు వల్ల ఒక కంటికి మేలు జరగడం అదే మొదటిసారి.

కట్టిన స్లైడ్లు చేలోనే ఉండిపోయాయి. శిరీష కిటికీలోంచి వాటి వైపు ఒకసారి చూసింది. "దింపుదామా?" అన్నాను. "పోదాం పాండి మేడం" అంది.

దవాఖానాలో గొంతు విలువ

దారిపొడవునా రాఘవయ్య గారి ఫోన్ మోగుతూనే ఉంది. "వస్తున్నం... వస్తలేం... శాలువా మడత పెట్టి ఉంచుండ్రి" అని ఒక్కొక్కరికీ ఒక్కో సమాధానం చెప్పారు.

భద్రాచలం దవాఖానాలో జనం బయటిదాకా ఉన్నారు. మేం లైన్లో నిలబడి మర్యాదగా ఎదురుచూస్తున్నాం. చదువుకున్నవాళ్ళ లక్షణం అదే, కొంప మునుగుతున్నా లైను తప్పరు. రాఘవయ్య గారు నేరుగా వరండా మధ్యకు పోయి నిలబడి, "కన్ను పోతుంది! ఒక ఆడామె కన్ను పోతుంది! డాక్టరమ్మ ఏడున్నది?" అని అరిచారు. మైకు లేదు, అవసరమూ పడలేదు. ముందున్నవాళ్ళే పక్కకు జరిగి దారిచ్చారు. లోపల్నుంచి కుర్ర డాక్టరమ్మ ఒకామె పరుగున వచ్చింది. రెండు రోజులుగా ఆ గొంతును తిట్టుకున్న నేను, ఆ పూట దానికి మనసులోనే శాలువా కప్పాను.

డాక్టరమ్మ దేవె కంట్లో రంగు చుక్క వేసి, నీలం దీపం కింద చూసింది. "నిన్న మొన్నటిది కాదిది. ఇంతకుముందు ఏమైనా మందు వేశారా?" అని అడిగింది. ఉంగమ్మ నడుముకు దోపుకున్న చిన్న సీసా తీసి ఇచ్చింది. సంతలో ఎవరో కంటి ఎరుపుకు మంచిదని అమ్మాడట. డాక్టరమ్మ దాని మీది పేరు చదివి చెత్తబుట్టలో పడేసింది. "ఎరుపు తగ్గిస్తుంది, పుండును లోపల పెంచుతుంది. అడగకుండా ఇలాంటివి వేసుకోవద్దు" అని, పుండు మీంచి కాస్త గీకి పరీక్షకు పంపింది. ఆకు అలమ గీరుకుంటే పట్టే బూజు లాంటిదని అనుమానం. మందు మొదలుపెట్టి, వెంటనే ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మంది.

"కన్ను తీస్తరా?" అని అడిగింది శిరీష. దేవెకు అర్థమయ్యే భాష కాదు, అయినా ఆమె డాక్టరమ్మ పెదాల వైపే చూస్తోంది.

"తీయకుండా ఉండటానికే తొందరపడమంటున్నాను. చూపు ఎంత మిగులుతుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను. గంట గంటకూ చుక్కలు పడాలి."

ఖమ్మం దారిలో ప్రతి గంటకూ వ్యాను ఆపించాం. చుక్కలు ఎలా వేయాలో నయీమ్ భాయ్ ఉంగమ్మకు నేర్పాడు. రాఘవయ్య గారు సిల్కు చొక్కాలో, బ్యానరు మీది తన ఫోటో పక్కనే నిద్రపోయారు. ఫోటోలో కంటే నిద్రలోనే మంచివాడిలా కనిపించారు.

ఖమ్మం: బహుమతి ప్రదానం

ఆ నెలాఖరున మా కాలేజీల సైన్సు ప్రదర్శన జరిగింది. మొదటి బహుమతి ముఖ్య అతిథికి రెండు చేతులూ జోడించి దండం పెట్టే రోబోకు వచ్చింది. ముఖ్య అతిథి చాలా కదిలిపోయారు. శిరీష బల్ల దగ్గరికి వచ్చిన జడ్జి స్లైడ్లు చూసి, మంచి పనేనని, "రెండో చోట రెండో రోజు స్లైడ్లు ఏవమ్మా?" అన్నారు.

"లేవు సార్. ఒకామెను దవాఖానాకు తీసుకపోయినం. అయి చేనుల్నే ఉండిపోయినయి."

"అయ్యో. అది పరిశోధన కిందికి రాదు కదమ్మా."

"రాదు సార్" అని ఒప్పుకుంది శిరీష. ఆమెకు పాల్గొన్నందుకు పత్రం ఇచ్చారు. తర్వాత శిరీష తండాకు పోయి, బస్తాలు తొక్కే వేళకు వాళ్ళమ్మవాళ్ళు లేచి గాలికి ఎదురు పక్కకు పోయి కూర్చునేలా మేస్త్రిని ఒప్పించుకుంది. దానికి పత్రం ఎవరూ ఇవ్వలేదు.

అప్పారావు గారు కూడా ఫోన్ చేశాడు. బస్తాలు తొక్కేది ఆ కొసకు మార్చాడట. నేను పొంగిపోయి పొగడబోతుంటే, "అబ్బే, కళ్ళని కాదండీ. అటు కాలవ పూడ్చాం, ఇప్పుడు లారీ తేలిగ్గా తిరుగుతోంది" అన్నాడు. సైన్సు చేయలేనిది లారీ చేసింది. ఆడవాళ్ళ కళ్ళకు కారణంతో పనేముంది?

దేవె, ఉంగమ్మ ఖమ్మం దవాఖానాలోనే ఉన్నారు. శిరీష రోజూ కాలేజీ అయ్యాక వెళ్ళేది. మాట ఇచ్చింది కదా, ప్రతి సీసా ఎందుకో నర్సును అడిగి, ఉంగమ్మతో కోయలో చెప్పించేది. మొదట్లో దేవె ఎడమ కంటికి వెలుతురు, చీకటి మాత్రమే తెలిసేవి. పుండు మానుతోందని అక్కడి డాక్టరు చెప్పిందిగాని, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చలా పువ్వు మిగిలిపోతుందనీ, దాని వెనక చూపు ఎంతుందో తర్వాత తేలుతుందనీ అంది. మధ్యలో శిరీషకు జ్వరం వచ్చి, పైన పరీక్షలు కూడా పడి, వారంపైగా రాలేకపోయింది. అన్ని రోజులూ దేవె గుమ్మం వైపు చూసేదని ఉంగమ్మ చెప్పింది.

చూపు పరీక్ష చేసే రోజు నేను వెళ్ళాను. డాక్టరు దేవెను స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి కంటికి అట్ట అడ్డం పెట్టింది. అవతలి గోడకు, అటూ ఇటూ తిరిగిన గీతల చార్టు ఉంది. గీతలు ఎటు తిరిగి ఉంటే అటు చెయ్యి చూపాలని ఉంగమ్మతో చెప్పించింది. పెద్ద గీతల మీద కర్ర పెట్టి, "ఇది ఎటుంది?" అంది.

దేవె చెయ్యి ఎత్తలేదు. చార్టు వైపు చూడనే లేదు. దాని పక్కన తెరిచి ఉన్న తలుపు వైపు, ఆ తెల్లటి పువ్వున్న కన్ను చిట్లించి చూస్తోంది.

"ఇటు చూడమనమ్మా. కనబడుతోందా, లేదా?" అని డాక్టరు ఇంకోసారి అడిగింది.

దేవె కోయలో ఏదో అంది. ఉంగమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గీతల ముచ్చట కాదు డాక్టరమ్మా" అంది. "ఆ పిల్ల బాగ చిక్కిపోయిందట. అన్నం తింటలేదా అని అడుగుతుంది."

డాక్టరు వెనక్కి తిరిగింది. శిరీష అప్పుడే వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, లోపలికి రావచ్చో లేదోనని గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరు స్టూలు నుంచి గుమ్మం దాకా ఉన్న దూరాన్ని ఒకసారి చూసి, చేతిలోని కర్రను బల్ల మీద పెట్టేసింది.